రికార్డు చేసిన పాఠం విద్యార్థి ఫోనుకు చేరాలంటే: రిమోట్ సర్వర్‌ను అమర్చుకునే విధానం

"అమ్మా, పాఠం వెళ్ళిందా?" అని మా భౌతికశాస్త్రం మాస్టారు ల్యాబు గుమ్మంలో నిలబడి అడిగారు. తెర మీద గీత నిండి నూరు శాతం చూపిస్తోంది. "వెళ్ళిందండీ" అన్నాను. ఆ రాత్రి తొమ్మిది దాటాక సత్తెనపల్లి వైపు పల్లె నుంచి ఒక విద్యార్థిని ఫోను చేసింది. పగలంతా మిరప కోతకు వెళ్ళి, ఇంటికి వచ్చి అన్నం తిని, పాఠం విందామని కూర్చుందట. లింకు నొక్కితే అనుమతి లేదని వస్తోంది. ఫైలు సర్వర్‌కు, అంటే నెట్‌లో దూరంగా ఉన్న మా అద్దె కంప్యూటర్‌కు, వెళ్ళిన మాట నిజమే. దాన్ని చదివే హక్కు మాత్రం వెబ్ సర్వర్‌కు, అంటే ఆ ఫైళ్ళను ఫోన్లకు అందించే ప్రోగ్రాంకు, ఇవ్వడం నేను మరిచిపోయాను. తెల్లవారితే ఆ అమ్మాయి మళ్ళీ కోతకు వెళ్ళాలి. ఆ పాఠం ఆమెకు ఆ రాత్రి అందలేదు.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఒక డిగ్రీ కళాశాల కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను. మా విద్యార్థుల్లో చాలామంది మిరప, పత్తి పండించే ఇళ్ళ నుంచి వస్తారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోతలు ముమ్మరంగా సాగుతుంటే తరగతి గదిలో బెంచీలు ఖాళీ అవుతాయి. ఆ ఖాళీ బెంచీల కోసమే మేము పాఠాలను రికార్డు చేయడం మొదలుపెట్టాం. మాస్టారి స్లైడ్లు, గొంతు, నల్లబల్ల మీద లెక్క కలిసి ఒక వీడియో అవుతాయి. దాన్ని దూరంగా ఉన్న సర్వర్‌కు పంపి, అక్కడి నుంచి విద్యార్థి ఫోనులో తెరుచుకునేలా చేయాలి. పాఠం వెళ్ళడం వేరు, చేరడం వేరు. ఈ రెంటి మధ్య ఏమేమి సరిచూసుకోవాలో, మా ల్యాబులో వాడుతున్న పద్ధతి ప్రకారం చెబుతాను.

ముందుగా లెక్క

సర్వర్ అద్దెకు తీసుకునే ముందు కాగితం మీద గుణకారం చేయండి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో బిట్ రేటు (సెకను వీడియోకు వాడే డేటా) సెకనుకు 6,000 కిలోబిట్లుగా ఉంటే, 50 నిమిషాల పాఠం సుమారు 2.25 గిగాబైట్లు అవుతుంది. సెకనుకు 10 మెగాబిట్లు పైకి పంపగల కనెక్షన్‌లో అది వెళ్ళడానికి అరగంట పడుతుంది. అదే పాఠాన్ని 720 రిజల్యూషన్‌లో, వీడియోకు 800 కిలోబిట్లు, ధ్వనికి 64 కిలోబిట్లు పెట్టి తయారుచేస్తే దాదాపు 324 మెగాబైట్లు. అయిదు నిమిషాల లోపే వెళ్ళిపోతుంది. స్లైడ్లు, నల్లబల్ల ఉన్న పాఠానికి ఇది సరిపోతుంది, ఎందుకంటే తెర మీద కదలిక తక్కువ. అక్షరాలు స్పష్టంగా ఉన్నాయో లేదో మాత్రం చిన్న ఫోనులో చూసి నిర్ణయించండి. మా లెక్కల మేడం సుద్దముక్కతో రాసే చిన్న ఘాతాంకాలు మొదట్లో కలిసిపోయి కనబడ్డాయి. కెమెరాను బల్లకు దగ్గరగా జరిపితే సరిపోయింది, బిట్ రేటు పెంచాల్సిన అవసరం రాలేదు.

రోజుకు మూడు పాఠాలు, ఏడాదికి 220 పని దినాలు అనుకుంటే 660 పాఠాలు, అంటే 214 గిగాబైట్లు. అందుకని సర్వర్ డిస్కు కనీసం 250 గిగాబైట్లు ఉండాలి. చిన్న డిస్కు తీసుకుని అది నిండేదాకా ఆగితే, నిండిన రోజున పంపిన ఫైలు సగంలో ఆగిపోతుంది. సర్వర్ ఎక్కడ ఉందో కూడా చూసుకోండి. మా విద్యార్థులందరూ ఈ జిల్లాల వాళ్ళే కాబట్టి ముంబయిలోని డేటా సెంటర్‌లో తీసుకున్నాం.

ప్రతి పాఠానికి ధ్వని ఒక్కటే ఉన్న ఫైలు కూడా తయారుచేయమని గట్టిగా చెబుతాను. 64 కిలోబిట్ల లెక్కన 50 నిమిషాలకు అది 24 మెగాబైట్లే. రోజువారీ డేటా అయిపోయిన విద్యార్థికి, బస్సులో నిలబడి ప్రయాణించే విద్యార్థికి ఇదే పాఠం.

సర్వర్‌లో పాఠాలకు ఒక గది

ఫైళ్ళను దూరపు కంప్యూటర్‌కు పంపడానికి ఎఫ్‌టీపీ అనే పద్ధతి చాలా పాతది. దాని తొలి నిర్దేశాన్ని 1971లో రాసినవారు అభయ్ భూషణ్. కాన్పూర్ ఐఐటీ తొలి బ్యాచ్ విద్యార్థి. ఈ విషయం మా పిల్లలకు చెప్పినప్పుడు వాళ్ళ ముఖాల్లో కనిపించే వెలుగు నాకు ఎంతో ఇష్టం. అంత గౌరవం ఉన్నా, ఇవాళ పాఠాలు పంపడానికి ఎఫ్‌టీపీ వాడకండి. అందులో పాస్‌వర్డ్ దాపరికం లేకుండా, దారిలో ఎవరైనా చదువుకునేలా వెళ్తుంది. 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఇలాగే పాస్‌వర్డ్‌లు దొంగిలించారు. అప్పుడు అక్కడి పరిశోధకుడు తాతూ యులోనెన్, దూరపు కంప్యూటర్‌తో రహస్య సంకేతంలో మాట్లాడే ఎస్‌ఎస్‌హెచ్‌ను రాశారు. నెట్‌లో ఒక్కో సేవకు పోర్టు అనే తలుపు సంఖ్య ఒకటి ఉంటుంది. ఎఫ్‌టీపీది 21వ పోర్టు, దూరపు కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే పాత పద్ధతి టెల్‌నెట్‌ది 23. మధ్యలో ఖాళీగా ఉన్న 22ను ఆయన అడిగి తీసుకున్నారు. ఆ ఎస్‌ఎస్‌హెచ్ మీద నడిచే ఎస్‌ఎఫ్‌టీపీయే మనకు కావలసింది.

సర్వర్‌లో పాఠాలు పంపడానికి మాత్రమే పనికొచ్చే ఖాతా ఒకటి విడిగా తెరవండి. నిర్వాహకుడి ఖాతాతో ఎప్పుడూ పంపవద్దు. రికార్డింగ్ గదిలోని కంప్యూటర్ దగ్గరకు రోజూ ఎందరో వస్తుంటారు. ఆ కంప్యూటర్‌లో ఉన్న తాళంచెవి పాఠాల గదిని మాత్రమే తెరవాలి, ఇల్లంతా కాదు. ఎస్‌ఎస్‌హెచ్ అమరికల్లో ఈ ఖాతాను ఎస్‌ఎఫ్‌టీపీకే పరిమితం చేసి, ఒక ఫోల్డర్‌లో బంధించే వీలుంది. దీన్ని చ్‌రూట్ అంటారు.

ఇక్కడ నేను ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాను, మీరు పోగొట్టుకోవద్దు. బంధించిన ఫోల్డర్‌కు యజమాని రూట్ (సర్వర్ ప్రధాన నిర్వాహక ఖాతా) అయి ఉండాలి. అందులో రాసే హక్కు మరెవరికీ ఉండకూడదు. పైనున్న ఫోల్డర్లన్నిటికీ ఇదే నియమం. మంచి ఉద్దేశంతో మీరు ఆ ఫోల్డర్‌ను పంపే ఖాతా పేరు మీద పెట్టారో, లాగిన్ అయిన మరుక్షణమే కనెక్షన్ తెగిపోతుంది. తెర మీద కారణం కనబడదు. కారణం సర్వర్ లాగ్‌లో, అంటే జరిగినవి రాసుకునే ఫైలులో, ఉంటుంది: ఫోల్డర్ యాజమాన్యం సరిగా లేదని. కాబట్టి పై ఫోల్డర్‌ను రూట్‌కే వదిలి, దాని లోపల పాఠాల కోసం ఇంకో ఫోల్డర్ తెరిచి, దాన్ని మాత్రం పంపే ఖాతాకు ఇవ్వండి.

పాస్‌వర్డ్ బదులు తాళంచెవుల జత వాడండి. విండోస్‌లో పుట్టీజెన్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది. అందులో ఈడీ25519 రకం ఎంచుకుని జత తయారుచేస్తే, బహిరంగ తాళం సర్వర్‌కు వెళ్తుంది, రహస్య తాళంచెవి మీ దగ్గరే ఉంటుంది. రహస్య తాళంచెవికి ఒక పాస్‌ఫ్రేజ్ (పొడవైన పాస్‌వర్డ్) పెట్టండి. ప్రతిసారీ అది అడగకుండా పేజెంట్ అనే ప్రోగ్రాం ఉదయం ఒక్కసారి తీసుకుని గుర్తుంచుకుంటుంది. తాళంచెవితో లోపలికి వెళ్ళగలుగుతున్నారని రూఢి చేసుకున్నాకే సర్వర్‌లో పాస్‌వర్డ్ లాగిన్‌ను ఆపివేయండి. ఆ మార్పు చేసేటప్పుడు ఇప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్‌ను మూయకండి. కొత్త కిటికీలో లాగిన్ అయి చూశాకే పాతది మూయండి. లేకపోతే మీ సర్వర్‌కు మీరే బయటివారవుతారు.

వెబ్ సర్వర్‌గా ఎన్‌జిన్‌ఎక్స్ పెట్టుకున్నాం. దీనికి లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారి ఉచిత ధ్రువపత్రం (లింకు సురక్షితమని బ్రౌజర్‌కు చూపేది) తీసుకుని, సర్ట్‌బాట్ అనే ప్రోగ్రాంతో దానంతట అదే పునరుద్ధరణ అయ్యేలా పెట్టండి. ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్ళ పట్టిక బయటికి కనబడకుండా ఆపండి. సర్వర్ గడియారాన్ని భారత కాలానికి మార్చండి. చాలా సర్వర్లు అంతర్జాతీయ కాలంలో, అంటే మనకన్నా అయిదున్నర గంటలు వెనక ఉంటాయి. పరీక్షల ముందు మేము ఉదయం 5 గంటలకు పెట్టే తరగతి పాఠం ముందు రోజు తేదీతో కనబడి పిల్లలు తికమకపడ్డారు.

పంపే కంప్యూటర్‌లో

రికార్డింగ్‌కు ఓబీఎస్ స్టూడియో, పంపడానికి విన్‌ఎస్‌సీపీ వాడుతున్నాం. రెండూ ఉచితమే. ఓబీఎస్‌లో రికార్డింగ్ రకాన్ని ఎంకేవీగా పెట్టండి. మామూలు ఎంపీ4 ఫైలులో ఎక్కడ ఏముందో చెప్పే సూచిక చివర్లో రాయబడుతుంది. మధ్యలో కరెంటు పోతే ఆ సూచిక ఉండదు, ఫైలు తెరుచుకోదు. ఒక మే నెల సాయంత్రం గాలివాన వచ్చి, ఇన్వర్టర్ కూడా అందుకోకముందే కంప్యూటర్ ఆగిపోయింది. తరంగ సిద్ధాంతం మీద మాస్టారు నలభై నిమిషాలు చెప్పిన పాఠం పోయింది. ఆయన మర్నాడు ఖాళీ గదిలో, కెమెరా ముందు ఒక్కరే నిలబడి, మొత్తం మళ్ళీ చెప్పారు. అరవై ఏళ్ళకు దగ్గరపడుతున్న మనిషి. ఆ రోజు నుంచి మా దగ్గర ఎంకేవీ తప్ప ఇంకోటి లేదు. కరెంటు పోయినా అప్పటిదాకా రికార్డయినది అందులో మిగులుతుంది.

తర్వాత హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రాంతో ఆ ఎంకేవీని పైన చెప్పిన చిన్న ఎంపీ4గా మార్చండి. అందులో "వెబ్ ఆప్టిమైజ్డ్" అన్న గడి ఉంటుంది. దాన్ని తప్పకుండా టిక్ చేయండి. అది ఫైలు చివరి సూచికను మొదటికి తెస్తుంది. సూచిక మొదట్లో ఉంటే ఫోనులో వీడియో వెంటనే మొదలవుతుంది. చివర్లో ఉంటే ఫోను ముందు దాన్ని వెతకాలి, బలహీనమైన సిగ్నల్‌లో విద్యార్థి తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చోవాలి.

ఫైలు పేర్లలో ఖాళీలు వద్దు, పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలు వద్దు. విండోస్‌కు పెద్దబడి, చిన్నబడి ఒకటే. లినక్స్ సర్వర్‌కు అవి రెండు వేర్వేరు ఫైళ్ళు. పేరు మొదట్లో సంవత్సరం, నెల, రోజు వరసగా పెడితే అన్ని పాఠాలూ కాలక్రమంలో నిలబడతాయి. తెలుగు పేరు పెట్టాలని నాకూ ఎంతో ఆశ ఉండేది. కానీ లింకులో ఒక్కో తెలుగు అక్షర సంకేతం తొమ్మిది గుర్తులుగా మారుతుంది. "ఉష్ణగతికశాస్త్రం" అని పేరు పెట్టిన ఫైలు లింకు వాట్సాప్‌లో పంపితే మూడు వరసల శాతం గుర్తులు కనబడ్డాయి. ఒక విద్యార్థి అది వైరస్ అనుకుని నొక్కనే లేదు. అందుకని ఫైలు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, పాఠాల పేజీలో శీర్షిక నిండు తెలుగులో పెడుతున్నాం.

ఇక విన్‌ఎస్‌సీపీలో కొత్త సైట్ తెరవండి. ప్రోటోకాల్ ఎస్‌ఎఫ్‌టీపీ, పోర్టు 22, సర్వర్ పేరు, పంపే ఖాతా పేరు రాయండి. పాస్‌వర్డ్ గడి ఖాళీగా వదలండి. అడ్వాన్స్‌డ్ అమరికల్లోని అథెంటికేషన్ పేజీలో రహస్య తాళంచెవి ఫైలును చూపించండి. మొదటిసారి కలిసినప్పుడు సర్వర్ తన వేలిముద్ర లాంటి ఒక వరసను చూపించి, నమ్ముతారా అని అడుగుతుంది. అలవాటుగా సరే అని నొక్కకండి. సర్వర్ అద్దెకిచ్చినవారి పేజీలో సర్వర్ తెరను చూపే కన్సోల్‌లో అదే వరసను చూసి, రెండూ ఒకటేనని తేల్చుకున్నాకే ఒప్పుకోండి. తర్వాత ఎప్పుడైనా ఆ వరస మారిందని హెచ్చరిక వస్తే, మీరు సర్వర్‌ను మార్చకుండా అది మారకూడదు. అప్పుడు పంపడం ఆపి కారణం వెతకండి.

అడ్వాన్స్‌డ్‌లోనే డైరెక్టరీస్ అనే పేజీలో దూరపు ఫోల్డర్ దారి రాయాలి. చాలామంది తప్పటడుగు వేసేది ఈ చోటే. నిజానికి ఒకే ఫోల్డర్‌కు మూడు చిరునామాలు ఉంటాయి. నిర్వాహకుడిగా మీరు లోపలికి వెళ్తే కనబడే పొడవైన దారి మొదటిది. పంపే ఖాతాను బంధించాం కాబట్టి, ఆ ఖాతాకు బంధించిన ఫోల్డరే ప్రపంచానికి మొదలు. దానికి కనబడే పొట్టి దారి రెండోది, ఈ గడిలో రాయవలసింది అదే. విద్యార్థి బ్రౌజర్‌లో కొట్టే వెబ్ చిరునామా మూడోది. మొదటిది తెచ్చి రెండో దాని స్థానంలో రాస్తే ఫోల్డర్ లేదంటుంది. రెండోది తెచ్చి విద్యార్థులకు పంపితే వాళ్ళకు ఏమీ తెరుచుకోదు. ఈ మూడింటినీ ఒక కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసి మానిటర్ పక్కన అతికించండి. మా ల్యాబులో ఇప్పటికీ ఉంది.

అనుమతుల సంగతి ఇక్కడే ముగించుకోండి. ట్రాన్స్‌ఫర్ అమరికల్లో ఫైళ్ళకు 644 అని పెట్టండి. అంటే పంపే ఖాతా రాయవచ్చు, వెబ్ సర్వర్ చదవవచ్చు. ఫోల్డర్లకు 755, అంటే వెబ్ సర్వర్ వాటి లోపలికి వెళ్ళవచ్చు. ఆ రాత్రి సత్తెనపల్లి వైపు నుంచి వచ్చిన ఫోనుకు కారణం, నా ఫైలు మీద 600 ఉండడం, అంటే పంపే ఖాతాకు తప్ప ఇంకెవరికీ చదివే హక్కు లేకపోవడం.

రోజూ చేత్తో పంపడం కన్నా, ఒక ఫోల్డర్‌ను విన్‌ఎస్‌సీపీ కనిపెట్టుకుని ఉండేలా చేయడం మేలు. అందులో "కీప్ రిమోట్ డైరెక్టరీ అప్ టు డేట్" అనే ఆదేశం ఉంది. ఆ ఫోల్డర్‌లో కొత్త ఫైలు పడగానే పంపేస్తుంది. రెండు జాగ్రత్తలు చెబుతాను, రెంటినీ నేను సొంతంగా నేర్చుకున్నాను. రికార్డింగ్ జరిగే ఫోల్డర్‌ను దానికి అప్పగించవద్దు, తయారవుతున్న ఫైలును సగంలోనే పట్టుకుంటుంది. పూర్తయిన ఫైళ్ళకు వేరే ఫోల్డర్ పెట్టి, అది కూడా అదే డ్రైవ్‌లో ఉండేలా చూడండి. ఒకే డ్రైవ్‌లో ఫైలును జరిపితే అది ఒక్క క్షణంలో పూర్తి ఫైలుగా అక్కడ ప్రత్యక్షమవుతుంది. వేరే డ్రైవ్ నుంచి అయితే కాపీ అవుతూ ఉంటుంది, ఆ సగాన్నే పంపేయవచ్చు. ఇక ఆ ఆదేశంలో "డిలీట్ ఫైల్స్" అన్న గడిని ఖాళీగా ఉంచండి. దాన్ని టిక్ చేసి, స్థలం కోసం ఇక్కడి ఫైళ్ళు తుడిచేస్తే అక్కడివీ తుడిచిపెట్టుకుపోతాయి.

విన్‌ఎస్‌సీపీలో నాకు బాగా నచ్చిన గుణం ఒకటుంది. పెద్ద ఫైలును పంపేటప్పుడు దానికి తాత్కాలికంగా వేరే పేరు పెట్టి, మొత్తం చేరాకే అసలు పేరుకు మారుస్తుంది. మధ్యలో నెట్ తెగితే, మళ్ళీ మొదటి నుంచి కాక ఆగిన చోటు నుంచి కొనసాగించవచ్చు. సగం పాఠం అసలు పేరుతో ఎవరి ఫోనులోనూ తెరుచుకోదు.

అన్నీ సరిగా రాసినా కనెక్షనే కలవకపోతే, సర్వర్‌ను తప్పుపట్టే ముందు మీ ఫోను హాట్‌స్పాట్ మీద ప్రయత్నించండి. అక్కడ కలిస్తే మీ కళాశాల నెట్‌వర్క్ 22వ పోర్టును ఆపుతోందని అర్థం. ఆ నెట్‌వర్క్ చూసేవారికి సర్వర్ చిరునామా, పోర్టు సంఖ్య రాసి ఇచ్చి, ఆ ఒక్కదానికీ దారి తెరవమని అడగండి. మేము రెండు వారాలు తిరిగి సాధించాం. ఈలోగా సాయంత్రాలు నా ఫోను డేటాతోనే పంపాను.

పాఠం పెట్టే ముందు, దాన్ని చెప్పిన మాస్టారి అనుమతి, వీడియోలో గొంతు వినబడే విద్యార్థుల అనుమతి తీసుకోండి. మార్కుల పట్టిక తెరిచి ఉన్న స్లైడు రికార్డయితే ఆ ముక్కను కత్తిరించండి. ఒకసారి బయటికి వెళ్ళినదాన్ని వెనక్కి తెచ్చుకోలేం.

చేరిందో లేదో

సర్వర్‌లోని ఫైలు పరిమాణం, ఇక్కడి ఫైలు పరిమాణం బైట్లలో సరిపోయాయో చూడండి. ముఖ్యమైన పాఠాలకు రెండు చోట్లా ఫైలుకు వేలిముద్ర లాంటి ఎస్‌హెచ్‌ఏ-256 విలువ తీసి పోల్చుతాను. ఒక్క అక్షరం తేడా ఉన్నా మళ్ళీ పంపుతాను. అసలు ఎంకేవీలను బయటి హార్డ్ డిస్కులో సెమిస్టర్ అయ్యేదాకా ఉంచుతాం.

ఇవన్నీ అయ్యాక కూడా మాస్టారికి "చేరిందండీ" అని నేను ల్యాబులో చెప్పను. కళాశాల వైఫై మీద తెరుచుకున్నంత మాత్రాన బయట తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. అదీగాక ఒకసారి తెరిచిన వీడియోను బ్రౌజర్ తన దగ్గర దాచుకుని చూపిస్తూ ఉండవచ్చు. సాయంత్రం ఇంటికి వెళ్తూ శంకర్ విలాస్ సెంటర్ దగ్గర ఒక పక్కగా ఆగుతాను. వైఫై ఆపి, మొబైల్ డేటా మీద, విద్యార్థులకు పంపిన అదే లింకును వాట్సాప్‌లోంచి నొక్కుతాను. మొదట్లో పది సెకన్లు వింటాను. వేలితో గీతను ముప్పయ్యో నిమిషానికి జరుపుతాను. వెంటనే అక్కడి నుంచి మొదలైతే, ఫైలులో అడిగిన ముక్కను మాత్రమే సర్వర్ పంపగలుగుతోందని తెలుస్తుంది. జరపగానే వీడియో మళ్ళీ సున్నా నుంచి మొదలైతే వెబ్ సర్వర్ అమరికలు చూడాలి. చివరి నిమిషం కూడా తెరిచి, మాస్టారి ఆఖరి వాక్యం పూర్తిగా ఉందో లేదో వింటాను. ధ్వని ఫైలుకూ ఇంతే. మొత్తం మూడు నిమిషాల పని.

అప్పుడు అక్కడే, బస్సుల హారన్ల మధ్య నిలబడి మాస్టారికి ఫోను చేస్తాను. "చేరిందండీ, వేడి ప్రసారం మీద మీరు చెప్పిన చివరి లెక్క దాకా విన్నాను" అంటాను. ఆయన "సరేనమ్మా, ఇక ఇంటికి వెళ్ళు" అంటారు.